బోర్డు రాసిన అయిదు చోట్లు

జూన్ 2

ఒరేయ్ సున్నా,

వంతు ప్రకారం ఉత్తరం రాయాల్సింది నువ్వు. మూడు నెలలైంది. అయినా పెద్దదాన్ని కదా, నాకు రోషాలూ పౌరుషాలూ ఉండకూడదు. అందుకని నేనే రాస్తున్నాను.

ఇక్కడ వానలు దగ్గర పడ్డాయి. మా గొడుగుల షెడ్డులో ఊపిరి సలపడం లేదు. రోజుకు నలభై గొడుగులకు గుడ్డ కుడుతున్నాను. మొన్న సూది వేలిలోకి దిగితే మేస్త్రీ పరుగున వచ్చి, నల్లగుడ్డే కదమ్మా, మరక కనపడదులే అని ఓదార్చాడు. ఆయన దయ అలాంటిది.

అసలు సంగతికి వస్తాను. మీ బావను కంపెనీవాళ్ళు మీ ఊరికి పంపుతున్నారు. అక్కడ పది అంతస్తుల కొత్త ఆసుపత్రికి లిఫ్టులు బిగించాలట. నాలుగు నెలల పని. ఉండటానికి చోటు వాళ్ళే ఇస్తారు, కాబట్టి నీ గది ఊడ్చుకోవాల్సిన కష్టం నీకు లేదు.

నీకొక పని పెడుతున్నాను. మీ ఊళ్ళో తాగడానికి మంచి చోట్లు ఏవో నాకు రాయి. మంచివంటే బయట రంగుదీపాలు వేలాడేవి కాదు. ఒకసారి అడుగుపెట్టిన మనిషికి రేపు కూడా రావాలనిపించేవి. అవి ఎక్కడున్నాయి, ఎవరు నడుపుతారు, ఏ వేళకు జనం చేరతారు, అన్నీ విడమరిచి రాయి. సగం ఊరికి బోర్డులు రాసినవాడివి, నీకు తెలియని గుమ్మం ఉంటుందా? ఎందుకూ ఏమిటీ అని అడక్కు.

ఎప్పట్లాగే కింద మీ బావ తన రెండు ముక్కలూ రాస్తాడు. ఆ రెండు ముక్కలకే పావుగంట ఆలోచిస్తాడు, నవ్వకు.

రోషం లేని మీ అక్క

బావమరిదికి,
ఇరవయ్యో తేదీన దిగుతాను. స్టేషన్‌కు రానక్కర్లేదు.
బావ


జూన్ 10

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివింది నిజమో కాదో అని మా కిందింటాయనతో కూడా చదివించాను. బావ మానేసి నాలుగేళ్ళయింది కదా! ఇప్పుడు నువ్వే దగ్గరుండి పంపిస్తున్నావంటే మీ ఇద్దరిమధ్యా ఏదో మంచి ఒప్పందమే కుదిరి ఉంటుంది. నిజం చెప్తే ఏమీ అనుకోకు, మానేసిన దగ్గర్నుంచి బావతో ఏం మాట్లాడాలో నాకు తోచేది కాదు. ఇద్దరం కూచుని గోడ గడియారం వంక చూసేవాళ్ళం. ఇక ఆ బాధ తప్పింది.

మొత్తం అయిదు చోట్లు. అయిదింటికీ బోర్డు నేనే రాశాను.

బస్సు డిపో మెట్ల కింద ఒక చిన్న అర ఉంది. నడిపేది పాతికేళ్ళు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఒక్కటే బల్ల, ఆరుగురు పడతారు. ఏడోవాడు రాగానే అలవాటు చొప్పున "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటాడు. ముందు గోడ తప్ప ఏమీ లేదు. సాయంత్రం అయిదున్నరకు డ్యూటీ దిగిన డ్రైవర్లు వస్తారు. వాళ్ళ కబుర్లు విన్నాక బస్సెక్కాలంటే భయమేస్తుంది.

రెండోది టీచరమ్మ కొట్టు. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైంది. గ్లాసులు కూడా నోట్‌బుక్కుల్లా వరసలో పేర్చి ఉంటాయి. మూడో గ్లాసు పోసేముందు ఎక్కం అడుగుతుంది. పదమూడో ఎక్కంలో తడబడితే ఇంటికి పంపేస్తుంది. నేనింతవరకు తడబడలేదని గర్వంగా చెప్పుకోవచ్చు. బడిలో ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే ఇప్పుడు కలెక్టరును.

మూడోది సినిమాహాలు వెనక. కుర్చీల్లేవు, రొమ్ము ఎత్తు చెక్కబల్ల ఉంటుంది, దానిమీద మోచేతులు ఆనించి నిలబడాలి. ఏళ్ళ తరబడి ఆనించీ ఆనించీ చెక్కలో గుంటలు పడ్డాయి. ఎడమ నుంచి మూడో గుంట నా మోచేతికి కొలిచి చేసినట్టుంటుంది.

నాలుగోది అచ్చాఫీసు డాబామీద. అయిదంతస్తులు నడిచి ఎక్కాలి. లిఫ్టు లేదు, బావకు చెప్పు, బేరం దొరుకుతుందేమో. కింద మిషన్లు తిరుగుతుంటే గ్లాసులో బీరు సన్నగా వణుకుతుంది. పడమటి మూల కుర్చీలో కూచుంటే నేను రాసిన పెద్ద సబ్బు బోర్డు కనిపిస్తుంది. ఎండ తగ్గేవేళ ఆ అక్షరాలు చూసుకుంటూ కూచోవడం కంటే నాకీ ఊళ్ళో సుఖం లేదు.

చివరిది రైలు వంతెన కింద మామ్మ. పాకలాంటి కొట్టు. ఆవిడకు మాటల్తో పనిలేదు. నేను వంతెన మెట్లు దిగుతుంటేనే గ్లాసు కడుగుతుంది. పొద్దున పనికి పోయేముందు చూసినా అంతే, పలకరింపుగా ఒక నవ్వు, ఒక గ్లాసు.

బావను ఒక్కో చోటికీ నేనే తిప్పుతాను, నువ్వు నిశ్చింతగా గొడుగులు కుట్టుకో. నా సంగతంటావా, బోర్డుకు రంగు తగలగానే ఒక గుక్క వేసి వచ్చేసే రకాన్ని. నా గురించి బెంగ వద్దు.

నీ ముద్దుల తమ్ముడు


జూన్ 23

ఒరేయ్,

నీకు బుద్ధి ఎప్పుడొస్తుందిరా?

మీ బావ రైలెక్కి మూడు రోజులైంది కాబట్టి ఇప్పుడు విప్పి రాస్తున్నాను. ప్రతి ఉత్తరం కిందా రెండు ముక్కలు రాయడం ఆయన అలవాటు, నీనుంచి వచ్చినదాన్ని నాకు చదివి వినిపించడం కూడా ఆయన అలవాటే. ఫోను చేద్దామంటే పక్కింటివాళ్ళ హాల్లో నిలబడి మాట్లాడాలి. మరి నేను డొంకతిరుగుడుగా కాక ఎలా రాయను? ఆయన్ని తిప్పమని అడిగానా నేను? ఏ చోట్లు మనిషిని లాగేస్తాయో నీకు తెలుసు కదా, అవేవో తెలుసుకుని, ఆయన అటు అడుగెయ్యకుండా నిన్ను కాపలా పెడదామనుకున్నాను. ఆయన కళ్ళముందే ఇంతకంటే ఎలా చెప్పగలను?

నీ ఉత్తరం వచ్చినరోజు నేను ఇంట్లో మిషన్ మీద ఉన్నాను. ఆయన మొదలుపెట్టి కండక్టరు నుంచి మామ్మ దాకా గడగడా చదివాడు. టీచరమ్మ దగ్గర ఒకసారి ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకున్నాడు, ఈసారి మనసులో.  తర్వాత ఉత్తరం నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు అని అడిగాను. "ఉండనీ" అన్నాడు.

నాలుగేళ్ళ కింద ఏం జరిగిందో నీకు పైపైన తెలుసు. ఆ రోజు ఆయన తాగి పనికి వెళ్ళాడు. బ్రేకు బిగించాల్సిన చోట వదులుగా వదిలేశాడు. లిఫ్టు పెట్టె ఒకటిన్నర అంతస్తు జారింది, ఆఫీసు గుమాస్తా పెద్దాయన ఒకడు లోపల ఉన్నాడు. ఆ పెద్దాయన కాలు ఇప్పటికీ నేలమీద సరిగ్గా ఆనదు. ఆ మర్నాడు మానేసిన మీ బావ మళ్ళీ ముట్టలేదు. ఈ నాలుగేళ్ళూ నేను అరచేతిలో దీపం పెట్టుకుని నడుస్తున్నట్టు నడిచాను. అలాంటి మనిషి జేబులో నువ్వు దారి రాసి పెట్టావు.

వెళ్ళి ఆయన్ని కలువు. రోజూ కలువు. నీ ఉత్తరం కింద ఆయన చేత రెండు ముక్కలు రాయించి పంపు. ఆ రాత చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

అక్క


జూలై 6

అక్కా,

తప్పయింది. చెంపలేసుకుంటున్నాను. మనసులో ఒకటి పెట్టుకుని కాగితంమీద ఇంకోటి రాస్తే నాలాంటి మట్టిబుర్రకు ఎలా తెలుస్తుంది చెప్పు?

బావకోసం ఆసుపత్రి సైటుకు రెండుసార్లు వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. అందుకే కింద బావ రాత లేదు, అపార్థం చేసుకోకు.

కాపలా మాత్రం మానలేదు. నువ్వు చెప్పినట్టే అయిదు చోట్లకూ వంతులవారీగా వెళ్తున్నాను. ఊరికే నిలబడితే బాగుండదు కాబట్టి ఏదో ఒకటి తీసుకోవాల్సి వస్తోంది, అది నీ పని మీదే కాబట్టి నా ఖాతాలో వెయ్యకు.

ఇక నీకు చెప్పకుండా దాచడం నావల్ల కాని సంగతి. బావ వెళ్తున్నాడక్కా. కండక్టరే చెప్పాడు. పొడుగాటి మనిషి, చేతిలో మడతలు పడ్డ ఉత్తరం, ఒక గంట కూచుని వెళ్ళాడట. సినిమాహాలు వెనక కూడా అదే మాట. ఎడమనుంచి మూడో గుంట ఎక్కడ అని అడిగి మరీ నిలబడ్డాడట. ఇప్పుడు పది రోజులుగా సాయంత్రం ఆరింటికి మామ్మ దగ్గర ఉంటున్నాడు. నా కళ్ళారా చూశాను, వంతెన మీంచి. దిగి పలకరిద్దామంటే మొహం చెల్లలేదు.

నువ్వేమీ కంగారు పడకు. కానీ నన్నడిగితే ఆయన్ని ఊరికి రప్పించుకోవడమే మంచిది. ఇది ఆయనలాంటివాళ్ళు నిలబడగలిగే ఊరు కాదు. ఆసుపత్రి పని చూసే ఇంజినీరుకు ఒక ముక్క రాస్తే వాళ్ళే వెనక్కి పంపేస్తారు. ఆ పైన నీ ఇష్టం.

ఇక్కడ వాన పట్టుకుంది, రంగు ఆరడం లేదు, పనులు పలచగా ఉన్నాయి.

నీ తమ్ముడు


జూలై 15

తమ్ముడూ,

నీ ఉత్తరం షెడ్డులోనే చదివాను. చదివి వినిపించే మనిషి లేడు కదా. మేస్త్రీ ఏమైందమ్మా అంటే, కళ్ళల్లో దారం పోగు పడిందని చెప్పాను.

ఇంజినీరుగారికి రాసేశాను. నీకు తెలియాలి కాబట్టి ఏం రాశానో కూడా చెప్తున్నాను. నా భర్త మళ్ళీ తాగుతున్నాడని తెలిసింది, ఆయన చేత లిఫ్టు బ్రేకులు ముట్టించకండి, ఇంటికి పంపేయండి అని రాశాను. రాసి, డబ్బాలో వేసి, అక్కడే అరుగుమీద కూలబడ్డాను. నా చేత్తో నా మొగుడి నోటిముందు కూడు లాగేశాను. ఆయన ముందు ఇక తలెత్తగలనా?

కానీ నువ్వొక సంగతి తెలుసుకోవాలి. నాలుగేళ్ళ కింద, ఆ రోజు పొద్దున ఆయన నోటి దగ్గర వాసన నాకు వచ్చింది. నేనే టిఫిను డబ్బా చేతికిచ్చి పంపాను. ఎవరికైనా చెప్తే ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. సాయంత్రానికి ఆ గుమాస్తాను మోసుకుపోయారు. ఇప్పటికీ ఆ పెద్దాయన కర్ర పొడుచుకుంటూ మా వీధిలో పోతుంటే నేను లోపలికి వెళ్ళిపోతాను. ఈసారి కట్టేది ఆసుపత్రి. లిఫ్టులో ఎక్కేవాళ్ళంతా పడుకుని ఎక్కేవాళ్ళే. మళ్ళీ నోరు మూసుకుంటే నేను మనిషినేనా?

ఆయనకు కూడా విడిగా ఒక ఉత్తరం రాశాను, తాగుతున్నావా అని. జవాబు రాలేదు.

ఇంకోటి అడగాలి. నీ ఉత్తరం ఈసారి బస్సులో కూచుని రాశావా? చిన్నప్పుడు బొగ్గుముక్కతో గోడమీద నువ్వొక్క తిప్పు తిప్పితే కంపాసు పెట్టి గీసినట్టు సున్నా వచ్చేది. వీధంతా వచ్చి చూసేది, నీకా పేరు అలాగే పడింది. నీ ఉత్తరాల్లో వరసలు చూసి పోస్ట్‌మాన్ ఇది అచ్చేసిందా అని అడిగేవాడు. ఈ ఉత్తరంలో వరసలు తడిబట్టలు ఆరేసిన తీగలా కిందకు వేలాడుతున్నాయి. సున్నాలన్నీ నొక్కుకుపోయి ఉన్నాయి. కళ్ళజోడు మార్చాలేమో చూపించుకో. నీకు కూడా ఒక జబ్బు మొదలైతే నేను తట్టుకోలేను.

ఆయన బయలుదేరితే ఏ రైలో కనుక్కుని రాయి.

అక్క


ఆగస్టు 9

అక్కా,

ఈ చేతిరాత చూసి హడలిపోకు. చెప్తున్నది నేను, రాస్తున్నది బావ. ఇంత పొడుగు రాయడం ఆయనకిదే మొదటిసారి, మధ్యలో రెండుసార్లు వేళ్ళు విరుచుకున్నాడు. నేను రాయలేను. ఎందుకో చెప్తాను. ఎంత చెప్తే అంతా రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాను.

ముందు ఇంజినీరుకు రాసింది వెనక్కి తీసుకో. ఈ రోజే. బావ ఒక్క చుక్క ముట్టలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆయన్ని లిఫ్టు పనిలోంచి తీసేశారు. ఇంటికి పంపలేదు గానీ స్టోరులో కూచోబెట్టారు. ఇరవై ఏళ్ళుగా లిఫ్టులు బిగించినవాడు ఇప్పుడు బోల్టులు సైజువారీగా ఏరి డబ్బాల్లో వేస్తున్నాడు. మీ ఆవిడే రాసిందని ఇంజినీరు ఉత్తరం చేతికిచ్చి చూపించాడట. అందుకే నీకు జవాబు రాయలేదు. ఏం రాయాలో తోచలేదట. (ఈ ముక్క రాయనంటున్నాడు. ఒట్టు గుర్తుచేశాను.)

ఆయన ఆ అయిదు చోట్లకూ వెళ్ళింది నాకోసం. నేను రాసిన ఉత్తరం నీకు చదివి వినిపించేటప్పుడే అర్థమైందట. బోర్డు రాసి ఒక గుక్క వేసి వచ్చేసేవాడికి మూడో గ్లాసు ముందు ఎక్కం అడుగుతారని ఎలా తెలుస్తుంది, పొద్దున పనికి పోయేముందు గ్లాసు ఎవరిస్తారు, చెక్కలో గుంట మోచేతికి కుదరాలంటే ఎన్నేళ్ళు ఆనించాలి అని అడిగాడు. తాగి మానినవాడు కదా, నీకూ నాకూ కనపడనిది ఆయనకు కనపడింది. నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు. వచ్చిన రెండో రోజే నా గదికి వచ్చాడు, నేను లేను. ఉత్తరం చేత పట్టుకుని ఒక్కో కొట్టుకూ వెళ్ళి నిమ్మకాయ సోడా తెప్పించుకుని కూచున్నాడు. ఈ బోర్డు రాసిన మా బావమరిది వస్తే పోయకండి అని అడిగాడు. కండక్టరు ఒప్పుకున్నాడు. టీచరమ్మ నేను వెళ్ళగానే గ్లాసు బోర్లించి, "మీ బావగారికి మాటిచ్చాను, పదమూడో ఎక్కం నీళ్ళలా అప్పజెప్పినా లాభం లేదు" అంది. సినిమాహాలు వెనకా, డాబామీదా అంతే. మామ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "నేను పొయ్యకపోతే ఇంకోచోట తాగుతాడు నాయనా, ఇక్కడైతే నా కళ్ళముందు ఉంటాడు" అందట. దాంతో ఆయనే రోజూ ఆరింటికి వచ్చి మామ్మ బల్లమీద కూచునేవాడు, నేను దిగుతానేమోనని.

నేను దిగలేదు. వంతెన మీద నిలబడి చూసి వెనక్కి పోయేవాణ్ణి. పొద్దున్నే వెళ్ళేవాణ్ణి ఆయన లేనప్పుడు.

ఇప్పుడు చెప్పబోయేది బావకు కూడా ఇప్పుడే తెలుస్తుంది. ఆయన చేతిలో ఉన్నది సోడా అని నాకు తెలుసక్కా. వంతెన మీంచి సీసా కనపడింది. గోళీ నొక్కిన చప్పుడు కూడా వినపడింది. తెలిసే నీకు అలా రాశాను. ఆయన్ని ఊరికి పంపించేస్తే నా జోలికి ఇంకెవరూ రారనుకున్నాను. సైటుకు రెండుసార్లు వెళ్ళానన్నది కూడా అబద్ధం. ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

బావ కలం ఆపేశాడు. కిటికీ దగ్గర నిలబడి వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ రాస్తున్నాడు.

పొద్దున ఒక గ్లాసు పడితే గానీ చెయ్యి కుదురుగా ఉండని స్థితికి వచ్చి ఏడాదైంది. జూలై ఇరవై ఆరున సబ్బు బోర్డుకు మళ్ళీ రంగు వెయ్యమంటే నిచ్చెన ఎక్కాను. ఆ రోజు గ్లాసు పడే ఎక్కాను, అయినా చెయ్యి నిలబడలేదు. ఆ గుండ్రటి అక్షరం మీద గీత జారిపోయి రంగు కిందదాకా కారింది. నిచ్చెన మీద అలాగే పట్టుకుని ఏడ్చాను. దిగి ఎటు పోవాలో తెలియక మామ్మ దగ్గరికే పోయాను. ఆరైంది. బావ ఉన్నాడు. నా పక్కకు జరిగి చోటిచ్చాడు, తన సోడా నా ముందుకు తోశాడు.  మామ్మ కూడా ఆ రోజు గ్లాసు కడగలేదు.

తర్వాత తాగుడు మానడానికి ఎనిమిది రోజులు ఊళ్ళోని పాత ఆసుపత్రిలో ఉన్నాను. మూడో రోజు గోడనిండా లేని చీమలు కనపడ్డాయి. చెయ్యి పట్టుకుని కూచున్నది బావే. స్టోరులో సెలవు పెట్టి వచ్చాడు. సెలవెందుకో సైటులో చెప్తే తనమీద పడ్డ తాగుబోతు పేరు పోతుందని నేనంటే, నీ పరువు నువ్వు చూసుకో, నాది నేను చూసుకుంటానన్నాడు.

నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ ఆయనతో మాట్లాడు.

ఎప్పుడూ కింద బావ రాసే రెండు ముక్కల చోటు ఈసారి నాది. నా చేత్తోనే రాస్తాను, ఎలా వస్తే అలా.

అక్కా,
క్షమించు. చదవగలిగావా?


ఆగస్టు 17

తమ్ముడూ,

చదవగలిగాను.

ఇంజినీరుగారికి ఆ రోజే రాశాను. అబద్ధం నాదేనని, ఆయనకు ఏ పాపమూ తెలియదని రాశాను. నీ పేరు ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, నా సంతకంతో వెళ్ళిన మాటకు నేనే జవాబుదారీ.

 మూడు రోజులు తిట్లన్నీ కూడబెట్టుకున్నాను. రాద్దామని కూచుంటే నీ రెండు ముక్కలు కళ్ళకు అడ్డం పడుతున్నాయి. పలక పట్టడం రానివాడు రాసినట్టు ఉన్నాయి. చిన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేనే. నా ఉత్తరానికి మూడు నెలలు జవాబు రాకపోతే రోషం పడ్డాను గానీ, వీడికేమైందో అనుకోలేదు. నీ ఉత్తరం వింటూ నేను మొగుడి కోసం వణికాను, నీకోసం ఒక్క క్షణం వణకలేదు. వాసన పట్టగలిగిన ముక్కు నాకుంది గానీ, అది ఒక్క మనిషి వైపే తిరిగి ఉంది.

అలాగని నిన్ను క్షమించేశాననుకోకు. నీ మీద కోపం చాలా ఉంది. అది ఉత్తరాల్లో పోయేది కాదు, ఎదురుగా ఉన్నప్పుడు తేల్చుకుంటాను. ముందు తిండి తిను. చీమలు మళ్ళీ కనపడితే దాచకు.

మీ బావకు వేరే కాగితం తీసుకున్నాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. తాగావా అని అడిగాను గానీ, జవాబు వచ్చేదాకా ఆగలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేనెప్పుడూ ఆయన చెప్పేదాకా ఆగలేదు, ఆయన చెప్పేసరికి పావుగంట పడుతుంది మరి.

అందుకని ఈ కాగితంలో కింద సగం ఖాళీగా వదిలాను. అది ఆయన చోటు. ఎంతసేపైనా ఆలోచించుకోమను. తిట్టాలనిపిస్తే తిట్టమను. ఈ కాగితమే తిప్పి పంపండి.

అక్క


(అదే కాగితం కింద సగంలో)

ఆగస్టు 26

నీకు,

నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ ఇంజినీరు చూపించాడు. లిఫ్టు పని వేరేవాళ్ళకు అప్పజెప్పేశారు, అది తిరిగి రాదు. వచ్చే నెల నుంచి కంపెనీ ఉంచుకుంటుందో లేదో తెలియదు. ఈ నెల రోజులూ నీమీద కోపంగానే ఉన్నాను. నన్ను అడిగి, నేను చెప్పేదాకా ఆగి ఉండాల్సింది. అది అలా ఉండనీ.

అప్పట్లో నాగురించి ఎవరైనా ఒక ముక్క రాసి ఉంటే ఆ పెద్దాయన కాలు ఉండేది. నీకు ఆ రోజే వాసన వచ్చిందని నాకు తెలుసు. డబ్బా చేతికిస్తూ నువ్వు మొహం పక్కకు తిప్పుకున్నావు. ఈసారి రాశావు. తాగని రోజున రాశావు, అంతే తేడా. మళ్ళీ ఎప్పుడైనా వాసన వస్తే మళ్ళీ రాయి.

లిఫ్టు తలుపులమీద అంతస్తుల అంకెలు వేసే పని నీ తమ్ముడికి ఇప్పించాను. నిచ్చెన అక్కర్లేదు, స్టూలు చాలు. నేను పట్టుకుంటున్నాను.

నేను

అక్కా,

ఒకటి నుంచి తొమ్మిది దాకా వేశాను. నాలుగు రెండుసార్లు, ఎనిమిది అయిదుసార్లు తుడిపించాడు బావ. పదో అంతస్తులో ఒకటి పక్కన సున్నా వెయ్యాలి. రోజూ సాయంత్రం ఆరింటికి పైకి వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడుతున్నాం. చెయ్యి ఎత్తి చూస్తున్నాను. ఇంకా వణుకుతోంది. బావ సరే రేపు చూద్దామంటాడు, సోడా తాగి దిగి వస్తున్నాం.